ఇంజను ఆయుర్దాయము

1980ల చివరి భాగములో ఇరువురు పడమటి దేశస్థులు సోమాలియాకు పోయినారు. అందొకరు రాండీ మమోలా అను అమెరికా మోటారు సైకిలు పందెగాడు. 500 సి.సి. ప్రపంచ పోటీలలో నాలుగు మారులు రెండవ స్థానమునకు వచ్చి, ప్రథమ స్థానమును మాత్రము ఒక్క యేడును అందుకొనలేకపోయినవాడు. రెండవవారు బారీ కోల్‌మన్ అను ఆంగ్ల పత్రికా రచయిత. పందెముల అభిమానుల నుండి చందాలు ప్రోగుచేసి, పిల్లల సంక్షేమమునకై పాటుపడు సంస్థకు ఇచ్చుచుండినవారగుటచే, ఆ డబ్బు ఎట్లు ఖర్చగుచున్నదో కన్నులార చూడవలెనని వారు బయలుదేరినారు. పల్లెలకు టీకాలను, మందులను చేరవేయవలసిన మోటారు సైకిళ్లు అక్కడ మూలబడి కనిపించినవి. పరకాయించి చూడగా అవి ముసలివై మూలబడినవి కావు. ఎంతో దూరము తిరిగి అలసినవియు కావు. వేళకు నూనె మార్చువారు లేక, అల్పమైన విడిభాగము దొరకక, దొరికినను బిగించుట నేర్చినవారు లేక, నడివయసునందే చచ్చిపడిన బళ్లు అవి.

మరియొకరైనచో ఆ దృశ్యమును చూచి పేదరికమనియు, ఎడారి దుమ్మనియు, దేశపు దౌర్భాగ్యమనియు నిట్టూర్చి తిరిగివచ్చియుందురు. వీరిరువురును బళ్ల నడుమ బ్రదికినవారు. ఇంజను తనంతట తాను అకాలముగ చావదనియు, ఎవరో ఒకరు దాని సంగతి మరచిపోయినగాని అది జరుగదనియు వారికి తెలియును. తరువాత బారీ, ఆయన భార్య ఆండ్రియా, మమోలా కలిసి 'రైడర్స్ ఫర్ హెల్త్' అను సంస్థను నెలకొల్పినారు. లెసోతో దేశమున వారి పని 1991లో ఆరంభమైనది.

లెసోతో అనునది నలువైపుల దక్షిణాఫ్రికాచే చుట్టబడిన చిన్న రాజ్యము. ఆ దేశములో అన్నిటికంటె పల్లపు చోటు సైతము సముద్రమట్టమునకు 1,400 మీటర్ల ఎత్తున ఉన్నది. కొండ గ్రామములకు పొట్టిగుఱ్ఱమే తరతరముల వాహనము. రాళ్లును, వాగులును, చలికాలమున మంచును గల ఆ దారులలో ఆరోగ్యశాఖ వారి మోటారు సైకిళ్లు ఏండ్ల తరబడి నడిమిదారిలో నిలిచిపోకుండ నడచినవని సంస్థవారు ప్రకటించినారు.

వారి పద్ధతిలో రహస్యమేమియు లేదు. బండి నడుపు ఆరోగ్య కార్యకర్తయే ప్రతి ఉదయము పెట్రోలు, నూనె, చైను బిగువు, నట్లు బోల్టులు, బ్రేకులు, టైర్లు చూచుకొని గాని కదలరాదు. నెలకింతయని గడువు పెట్టుకొని, చెడిపోయినను చెడిపోకపోయినను, అరుగుదల భాగములను తీసివేసి కొత్తవి వేయుదురు. కిలోమీటరునకు ఎంత ఖర్చు పడునో ముందుగనే లెక్కకట్టుదురు. ఈ కడపటి మాట చాల ముఖ్యమైనది. బండి కొనుటకు డబ్బిచ్చు దాతలు పెక్కుమంది ఉందురు. దానికి నూనె పోయుటకు డబ్బిచ్చువారు అరుదు. కొత్తబండికి పూలదండ వేసి ఫోటో తీయించుకొనవచ్చును. గాలి వడకట్టు ఫిల్టరునకు దండ వేసిన మంత్రివర్యులను ఇంతవరకు ఎవరును చూచియుండలేదు.

తారురోడ్డు విడిచి మట్టిలోను, రాతిలోను, ఇసుకలోను నడచుటకై నిర్మింపబడిన మోటారు సైకిళ్ల ఇంజనులను గూర్చి ముచ్చటించునపుడు, సాధారణముగ అందరును అడుగు ప్రశ్న ఒక్కటే: ఏ కంపెనీ బండి గట్టిది? ఆ ప్రశ్నకు కొంత అర్థము లేకపోలేదు. ఇంజను ఆయుర్దాయములో కొంత భాగము దానిని నిర్మించిననాడే నిర్ణయమై ఉండును. 1978 డిసెంబరు 26వ తేదీన పారిస్ నుండి బయలుదేరి సహారాను దాటి డకార్ చేరిన మొట్టమొదటి పందెములో, మోటారు సైకిళ్ల వరుసలో గెలిచినవాడు సిరిల్ నెవ్వే అను ఫ్రెంచి యువకుడు. అతడెక్కినది యమహా ఎక్స్.టి. 500. ఒంటి సిలిండరు, గాలితోనే చల్లబడు ఇంజను, కిక్కు కొట్టి లేపవలసిన బండి. చెడిపోవుటకు అందులో భాగములే తక్కువ.

దీనికి పూర్తిగ ఎదురుగ నిలుచునది నేటి మోటోక్రాసు పందెపు బండి. 450 సి.సి. లోనే 50 గుఱ్ఱముల బలమునకు మించి లాగును. పట్టుకొని చూచిన తేలిక. తోలి చూచిన పిడుగు. కాని దాని వెంట వచ్చు పుస్తకమును విప్పిచూడుడు: అందు కిలోమీటర్ల ప్రసక్తియే ఉండదు. అన్నియు గంటల లెక్క. ఇన్ని గంటలకు నూనె, ఇన్ని గంటలకు వాల్వుల పరీక్ష, ఇన్ని గంటలకు పిస్టను మార్పు. పది పదునైదు గంటలకే నూనె పారబోయుమని చెప్పు కంపెనీలు ఉన్నవి. ఇది ఆ బండి దోషము కాదు. తేలికదనమునకును, వేగమునకును ఆయువును ఇచ్చి కొనుక్కొన్నారు, అంతే. దోషమెక్కడనగా, పందెపు బండిని కొని దానిని పాలబ్బాయి బండివలె వాడుకొనువానియందు.

ఈ రెంటికిని నడుమ ఒక మధ్యతరగతి కలదు. సుజుకీ డి.ఆర్. 650 ఇప్పటి రూపము 1996 నాటిది. 644 సి.సి. ఒంటి సిలిండరు. గాలియు, నూనెయు కలిసి చల్లబరచును. రేడియేటరు లేదు, అది పగులునన్న భయమును లేదు. బలము 40 పైచిలుకు మాత్రమే. ఇంత పెద్ద ఇంజను నుండి ఇంత తక్కువ బలమా యని పందెగాడు నవ్వును. ఆ తక్కువలోనే దాని దీర్ఘాయువు ఉన్నది. వాల్వుల ఎడమును స్పానరు, స్క్రూడ్రైవరు, ఫీలర్ గేజి ఉన్న ఏ మనిషియైనను చెట్టునీడన కూర్చుండి సరిచేసికొనవచ్చును.

అటువంటి బండికిని మచ్చ లేకపోలేదు. గేరు న్యూట్రలులో ఉన్నదని దీపము వెలిగించు చిన్న స్విచ్చి ఒకటి ఇంజను లోపలివైపున రెండు స్క్రూలతో బిగింపబడి యుండును. ఏండ్ల కంపనమునకు ఆ స్క్రూలు వదులై లోపల రాలుటయు, గేర్ల నడుమ చిక్కుటయు డి.ఆర్. వాడుకరులు బాగుగ ఎరిగిన సంగతి. తెలిసినవారు బండి కొన్నంతనే ఆ మూత విప్పి, స్క్రూలకు సన్నని తీగ చుట్టి కదలకుండ కట్టుదురు. కవాసాకి కె.ఎల్.ఆర్. 650 కథయు ఇట్టిదే. 1987లో వచ్చిన ఆ బండి ఇంజనులో కుదుపును అణచు బాలెన్సరు చైను ఒకటి కలదు. ఆ చైను వదులును సరిచేయు మీటయు, దానిని లాగు స్ప్రింగును విరుగుచుండుట వలన వాడుకరులే బలమైన మీటలు చేయించుకొని వేసికొనుట ఆచారమైనది. 2008లో కంపెనీయే ఆ మీటను మార్చినది. ఆ లోపము ఉండగానే ఆ బండ్లపై జనము ఖండములు దాటినారు. అది విరుగునని ఎరిగి, మూత తీసి చూచుకొన్నవాడు దాటినాడు. ఎరుగనివాడు కొందరి విషయమున దారిలో నిలిచిపోయినాడు.

ఇక ఇంజనును చంపువాటిలో మొట్టమొదటిది దుమ్ము.

ఇంజను ఆహారము పెట్రోలని మనము అనుకొందుము. నిజమునకు అది ఎక్కువగ మింగునది గాలి. 400 సి.సి. నాలుగు స్ట్రోకుల ఇంజను నిమిషమునకు 4,000 చుట్లు తిరుగుచున్నదనుకొందము. రెండు చుట్లకు ఒక్కసారి అది ఊపిరి పీల్చును. థ్రాటిలు పూర్తిగ విప్పిన, లెక్కకు నిమిషమునకు 800 లీటర్లు; గంటకు 48,000 లీటర్లు. ముందుపోవు లారీ వెనుక, లేదా తోటి బండి వెనుక, ఎఱ్ఱని ధూళిమేఘములో ఆ గాలి ఎట్టిదై ఉండునో పాఠకులే ఊహింపవచ్చును. ఇసుకరేణువు అనగా క్వార్ట్జు. అది ఇనుముకంటె కఠినము. ఫిల్టరు దాటి లోనికి పోయిన రేణువు సిలిండరు గోడమీది నూనెపొరలో కలిసి, మెకానిక్కులు వాల్వులు నూరుటకు వాడు గ్రైండింగ్ పేస్టు వంటిదగును. ఇక పిస్టను పైకి క్రిందికి పోవు ప్రతిసారియు నూరుటయే. రింగులు అరుగును, గోడ గీరుకొనును, కుదింపు తగ్గును, నూనె పైకి ఎక్కి నీలిపొగగ బయటికి వచ్చును. మన షెడ్లలో దీనిని "బోరు పోయినది" అందురు. అప్పుడు బండియజమాని నూనెను నిందించును, కంపెనీని నిందించును, పెట్రోలు బంకువానిని నిందించును. సీటు క్రిందనున్న పెట్టెను మాత్రము తెరచి చూడడు.

మట్టిబాట బండ్లలో సాధారణముగ ఉండునది స్పాంజి వంటి ఫోము ఫిల్టరు. పొడిగ నున్న ఫోము పెద్ద రేణువులనే ఆపును. దానికి జిగురుగ నుండు ఫిల్టరు నూనె పట్టించినపుడే సన్నని ధూళి అందులో అంటుకొని నిలుచును. మురికి పట్టినదానిని కిరసనాయిలులో పిసికి, తరువాత సబ్బునీళ్లలో కడిగి, నీడన పూర్తిగ ఆరనిచ్చి, మరల నూనె పట్టించి మెల్లగ పిండవలెను. మెలిపెట్టి పిండరాదు, అతుకులు విడును. పెట్రోలులో కడుగువారు ఉన్నారు. అతుకు జిగురు కరుగుట ఒక నష్టము, నిప్పంటుకొనుట మరియొకటి. మన దేశపు బండ్లలో ఎక్కువగ నుండునది కాగితపు ఫిల్టరు. దానిని కడుగుటయే పనికిరాదు. గట్టి గాలిపంపుతో ఊదిన చిరుగును. చిరిగినది కంటికి కనపడదు. మార్చవలసినదే.

ఫిల్టరు ఎంత మంచిదైనను దాని అంచు పెట్టెకు అతుక్కొని కూర్చుండనిచో ప్రయోజనము సున్న. దుమ్ము వడపోతను చీల్చుకొని పోదు, ప్రక్కనున్న సందు వెదకుకొని పోవును. కావున అంచునకు పలుచగ గ్రీజు పూయుదురు. పరీక్ష మిక్కిలి సులువు. ఫిల్టరు తీసి, దాని వెనుకనున్న రబ్బరు గొట్టములో తెల్లని గుడ్డ చుట్టిన వేలు పెట్టి త్రిప్పి చూడవలెను. గుడ్డ ఎఱ్ఱబడినదా, ఆ ఇంజను అప్పటికే దుమ్ము తినుచున్నదన్నమాట. పాతబండి కొనబోవువారికి గూడ ఇంతకంటె నమ్మదగిన పరీక్ష మరియొకటి లేదని నా అభిప్రాయము. పైకి మెరుగుపెట్టి అమ్మువాడు ఆ గొట్టము సంగతి మరచును.

రెండవది నూనె. కారు ఇంజనులో నూనెకు ఇంజను పని ఒక్కటే. చాల మోటారు సైకిళ్లలో ఇంజనుకును, గేర్లకును, క్లచ్చికిని కలిపి ఒకే నూనె. అదియు ఒంటి సిలిండరు బండ్లలో సాధారణముగ రెండు లీటర్లకు అటుయిటు మాత్రమే. పిస్టనును చల్లార్చవలెను, బేరింగులను తడపవలెను, మసిని మోయవలెను, క్లచ్చి పలకల అరుగుడు పొడిని మోయవలెను; పైపెచ్చు గేర్ల పండ్ల నడుమ నలుగుచు తన చిక్కదనమును కొంచెము కొంచెముగ పోగొట్టుకొనవలెను. ఒక్క కూలివానిచే నలుగురి చాకిరి చేయించుట వంటిది. కారులకై చేసిన కొన్ని నూనెలలో రాపిడి తగ్గించు మందులు కలిసియుండును. అవి పోసినచో క్లచ్చి జారును. డబ్బామీద జాసో ఎం.ఏ. అను గుర్తు చూచి కొనుట అందులకే.

ఎన్ని కిలోమీటర్లకు నూనె మార్చవలెనని అందరును అడుగుదురు. మట్టిబాటలో ఆ లెక్కయే మోసము. తారురోడ్డుపై గంటకు 60 కిలోమీటర్ల చొప్పున 3,000 కిలోమీటర్లు పోయిన ఇంజను పనిచేసినది 50 గంటలు. వాగులలోను, రాళ్లలోను గంటకు 15 కిలోమీటర్ల చొప్పున అదే 3,000 పోయినది పనిచేసినది 200 గంటలు. మీటరుపై రెంటి అంకెయు ఒక్కటే. పైగా రెండవది చిన్నగేరులో, తగినంత గాలి తగులక, క్లచ్చి జారుచు, వేడెక్కి పనిచేసినది. రెంటికిని ఒకే గడువు పెట్టుట గుమాస్తాకును, గనిలో త్రవ్వువానికిని ఒకే చెప్పులజత ఒకే కాలము మన్నవలెననుట వంటిది. దీర్ఘకాలము మట్టిలో తిరుగువారు గంటలు లెక్కించు చిన్న మీటరును బిగించుకొనుటకు కారణమిదే.

నూనెను గూర్చి ఒక పుస్తకములోని సంగతి ఇచట చెప్పదగియున్నది. రాబర్ట్ పిర్సిగ్ అను అమెరికా రచయిత కాశీ హిందూ విశ్వవిద్యాలయములో కొంతకాలము తత్త్వశాస్త్రము చదివినవాడు. 1968లో తన కుమారుని వెనుక నెక్కించుకొని, 305 సి.సి. హోండా బండిపై మినెసోటా నుండి కాలిఫోర్నియాకు పోయినాడు. ఆ ప్రయాణమును ఆధారము చేసికొని, మోటారు సైకిలు సంరక్షణయే శీర్షికలో గల తాత్త్విక గ్రంథమును 1974లో ప్రకటించినాడు. ఆ బండి నేడు వాషింగ్టనులోని స్మిత్సోనియన్ వారి అమెరికా చరిత్ర ప్రదర్శనశాల వస్తువులలో ఒకటి. అందు కథకుడు తన బండి ఇంజను పలుమారులు బిగుసుకొనిపోగా ఒక షెడ్డుకు తోలుకొనిపోవును. అక్కడి కుర్రవాండ్రు రేడియో హోరులో, పరధ్యానముగ, పనిమీద మనసు లేక దానిని విప్పి బిగించి మరింత పాడుచేయుదురు. కారణము చివరకు అతనికే దొరకును: లోపలి నూనెదారిలో పావు డాలరు చేయు చిన్న పిన్ను తెగియుండెను. హెచ్చు వేగమున నూనె తలభాగమునకు ఎక్కకపోవుటకు అదియే హేతువు.

పిర్సిగ్ తత్త్వమంతయు మనకు సమ్మతము కానక్కరలేదు. నాకు కొన్ని పుటలు మింగుడుపడలేదు. కాని ఆ షెడ్డు వర్ణన మాత్రము ప్రపంచములోని ప్రతి వీధికిని సరిపోవును. ఆ కుర్రవాండ్రకు పని రాదని ఆయన అనలేదు. ఆ పనికి తాము బయటివారమనుకొన్నారు, అదియే ఆయన బాధ. అదే గ్రంథములో మరియొక మిత్రుడు కలడు. అతని ఖరీదైన జర్మను బండి హ్యాండిలు వదులగును. బీరు డబ్బా రేకు ముక్క కత్తిరించి సందులో దోపిన సరిపోవునని కథకుడు చెప్పగా, అంతటి బండికి డబ్బారేకా యని అతడు ముఖము ముడుచుకొనును. మన మెకానిక్కులు వినినచో ఆ మిత్రుని చూచి జాలిపడుదురు. అల్యూమినియము రేకు మెత్తన, తుప్పు పట్టదు, సరియైన మందము, ఇంక కావలసినదేమి?

మూడవది వాల్వులు. దీనిని గూర్చి లోకములో ఒక తలక్రిందుల నమ్మకము కలదు. ట్యాపెట్లు టకటకమని చప్పుడు చేసిన బండివాడు గాభరాపడి షెడ్డుకు పరుగెత్తును. చప్పుడు చేయునది ఎడము పెరిగిన వాల్వు. దానివలన అరుగుదల కలుగును, బలము కొంత తగ్గును. వెంటనే ప్రాణాపాయము లేదు. అపాయమంతయు చప్పుడు చేయని వాల్వుతో. ఇంజను నడచుకొలది వాల్వు తన పీఠములోనికి రవంత రవంత దిగును. దానితో ఎడము తగ్గును. డి.ఆర్. 650లో గాలి వాల్వునకు ఉండవలసిన ఎడము 0.08 నుండి 0.13 మిల్లీమీటర్లు, ఇంచుమించు తలవెండ్రుక మందము. అది పూర్తిగ పోయినపుడు వాల్వు పీఠముపై సరిగ ఆనదు. పొగ వెడలు వాల్వు ఎఱ్ఱగ కాలుచు, ఆ వేడిని పీఠమునకు అప్పగించియే బ్రదుకును. ఆనుటకు చోటులేనపుడు ఆ వేడి ఎక్కడికి పోవును? అంచు కాలి తునుగును. అంతవరకు ఇంజను ఎంతో మెత్తగ, ఎంతో ముద్దుగ నడచుచుండును. యజమాని ఆ నిశ్శబ్దమును చూచి మురియును. ఉదయము లేచుటకు మొరాయించుట, బాగుగ కాగిన తరువాత ఆపిన మరల అంటుకొనకపోవుట: ఇవియే దాని మొర.

మిగిలినవి క్లుప్తముగ చెప్పవచ్చును. చైను మరీ బిగించినచో వెనుకచక్రము ఎగిరి క్రిందికి వచ్చినప్పుడెల్ల అది గేరుపెట్టె ఇరుసును లాగి బేరింగును పాడుచేయును. కొంత వదులు ఉండవలెను. గాలితో చల్లబడు ఇంజను రెక్కల నడుమ ఎండిన బురద దుప్పటి కప్పినట్లే. వాగు దాటునపుడు ఇంజను నీరు మింగి ఆగినచో స్టార్టరు నొక్కుట మహాపరాధము: గాలి కుదించుకొనును గాని నీరు కుదించుకొనదు, కనెక్టింగ్ రాడ్డే వంగును. ప్లగ్గు విప్పి, ఇంజనును చేతితోనో కాలితోనో త్రిప్పి నీటిని వెడలగొట్టి, ఫిల్టరు పెట్టెను ఆరబెట్టవలెను. నూనె మజ్జిగవలె తెల్లబడిన మార్చియే కదలవలెను.

ఇప్పుడు మన దేశమునకు వత్తము. 1955లో మద్రాసున ఎన్‌ఫీల్డ్ ఇండియా ఆరంభమైనది మొదలు బుల్లెట్టు బండి మన సైన్యముతో పాటు కొండలెక్కినది. అది మట్టిబాటకై పుట్టిన బండి కాదు. బరువు, నెమ్మదితనము, ఒక్కొక్క పేలుడు వినబడు ఇంజను. 2016లో అదే కంపెనీ హిమాలయన్ అను పేర కొండబాటలకై ప్రత్యేకముగ ఒక బండిని వెలువరించినది. 411 సి.సి., సిలిండరు వెడల్పు 78 మిల్లీమీటర్లు, పిస్టను నడక 86, బలము ఇరువదినాలుగున్నర. వెడల్పుకంటె నడక పొడుగగుటచే తక్కువ చుట్లలోనే లాగును. 2023లో దాని స్థానమున నీటితో చల్లబడు 452 సి.సి. ఇంజను వచ్చినది, బలము 40. పాతది మేలా, కొత్తది మేలా యని వాడుకరులు వాదించుకొనుచునే ఉన్నారు. నీటి గొట్టములు వచ్చినప్పుడు చూచుకొనవలసిన భాగములు పెరిగినవనుట మాత్రము నిజము.

ఏటేట వేసవిలో మన తెలుగు యువకులును మనాలి నుండి లేహ్‌కు బళ్లు తోలుకొనిపోవుచున్నారు. ఆ దారిలో తంగ్‌లాంగ్ లా కనుమ ఎత్తు 5,328 మీటర్లు. అచట గాలి ఒత్తిడి సముద్రతీరపు ఒత్తిడిలో ఇంచుమించు సగము. కార్బురేటరు బండి అక్కడ పెట్రోలు ఎక్కువై, గాలి తక్కువై, నల్లని పొగ వదలుచు ప్లగ్గును మసిపట్టించుకొనును. ఇంజెక్షను బండి పెట్రోలును తగ్గించుకొని సర్దుకొనును. కాని లేని గాలిని అదియు సృష్టింపలేదు. బలము సగమగును. అప్పుడు నడుపువాడు ఏమి చేయును? మొదటి గేరు వేసి, చుట్లు పెంచి, క్లచ్చిని సగము వదలి, గంటల తరబడి ఈడ్చును. పలకలు కాలిన పొడి ఎక్కడికి పోవును? ఇందాక చెప్పిన ఆ రెండు లీటర్ల నూనెలోనికే. మోరే మైదానపు ధూళి ఫిల్టరులో. ఇంటికి తిరిగివచ్చిన తరువాత బండిని మెరయునట్లు కడిగి, ఫోటోలు పంచిపెట్టి, నూనె మార్చుటకు "ఇంకను రెండువేలు ఉన్నది" అనువారే ఎక్కువ. బండి చచ్చునది కనుమపై కాదు. ఆరునెలల తరువాత, ఇంటిప్రక్క కూరగాయల బజారునకు పోవుచుండగ.

విహారమునకు పోయినవాని బండి నిలిచిపోయిన ఒక సెలవు చెడును. అన్ని బండ్లకును ఆ సౌకర్యము లేదు. మన మన్యము కొండలలో నెలలు నిండిన స్త్రీని డోలీ కట్టి మోసికొనివచ్చిన వార్తలు ఈ పత్రికల పుటలలోనే ఎన్ని మారులు చదివియుంటిమి! అంబులెన్సు పోలేని గూడెముల నుండి రోడ్డువరకు రోగిని తెచ్చుటకై 2018లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము ఏజెన్సీ ప్రాంతములలో మోటారు సైకిలు అంబులెన్సులను ప్రవేశపెట్టినది. రోగి కూర్చుండుటకు ప్రత్యేకమైన అమరిక గల బండ్లు. సోమాలియాలో మమోలాయు, కోల్‌మనును చూచినది ఇటువంటి పనికై వచ్చిన బండ్లనే. రోగి బరువు, నిట్రమైన ఎక్కుడు, మొదటి గేరు, ఎఱ్ఱమట్టి, వానకాలమున వాగు: ఇంజనుకు ఇంతకంటె కఠినమైన బ్రతుకు లదాఖులోను లేదు. బండి ఎక్కడ ఆగునో అక్కడినుండి మరల డోలీయే.

ఇట్టి బండిని ఏర్పాటుచేయు కాగితములలో బండి వెల ఒక పద్దు. నడుపువాని జీతము, పెట్రోలు మరి రెండు పద్దులు. గంటల మీటరు, నెలకు తగిన నూనె, ఏడాదికి తగిన ఫిల్టర్లు, క్లచ్చి పలకలు, వాల్వులు సరిచేయుటకు ఫీలర్ గేజి, అన్నిటికిని మించి ఆ పని నేర్పుటకు నడుపువానికి కొన్ని దినముల జీతము: ఇవి నాలుగవ పద్దుగ మొదటినాడే ఉండవలెను. లెసోతోలో చేసినది ఇంతే. ఫిల్టరు విషయమున ఇంకొక చిన్న మాట. ఫోము ఫిల్టరును కడుగుటకు పట్టునది అరగంట; ఆరుటకు ఒక పూట, ముసురు పట్టిన దినములలో రెండు మూడు పూటలు. అది ఆరువరకు బండిని నిలుపరాదు గనుక ప్రతి బండికిని రెండు ఫిల్టర్లు ఇయ్యవలెను. ఒకటి బండిలో ఉండగా, రెండవది వసారాలో తీగమీద ఆరుచుండును.